ఫాదర్ ముందుగా చదివిన పేరు

సిస్టర్ గారూ,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. ఉదయం మన యూనివర్సిటీ హాల్లో అధ్యాపకులకు సన్మానం జరిగింది. జాలరిపేట ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకోవడానికి మనిద్దరం తయారుచేసిన డ్రయ్యర్‌కు అవార్డు వచ్చింది. బతికున్నదాన్ని కాబట్టి నా ఒక్కదాని పేరే చదువుతారేమోనని బెంగపడ్డాను. మన వైస్ ఛాన్సలర్ ఫాదర్ ముందుగా మీ పేరే చదివారు. నా ప్రాణం కుదుటపడింది.

తర్వాత, ఆ డ్రయ్యర్ వాడుతున్న నూకాలమ్మను వేదిక మీదికి పిలిచారు. మైకు చూసి ఆమె కంగారుపడింది.

"నానేటి సెప్పగలను ఫాదరూ? వోనొచ్చినా మా సేపలు కుళ్లట్నేదు. మా సిస్టరమ్మ నూరేళ్లు సల్లగుండాల!"

పోయినవాళ్లను అలా దీవించకూడదని ఎవరూ ఆమెను సరిదిద్దలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

మీ
సుజాత