ఒకే గన్ను దగ్గర పదకొండో నంబరు

దేవరకొండ,
తేది: 26-05-2025

విద్యుత్ వాహనాల చార్జింగు కేంద్రాల పర్యవేక్షణ చేయు జిల్లా అధికారి గారి సముఖమునకు, నల్లగొండ.

దేవరకొండ వాస్తవ్యుడు, టాక్సీ డ్రైవరు గ్యార బాలస్వామి, వయస్సు నలభై ఆరు, వ్రాసుకొను అర్జీ.

విషయం: దేవరకొండ నుండి నల్లగొండ పోవు దారిలో గల చార్జింగు కేంద్రమున రద్దీ, పనిచేయని రెండవ గన్ను, రోగులున్న వాహనములకు ముందుగా చార్జింగు ఇచ్చు నియమము, మరియు నా ప్రవర్తన గురించి.

అయ్యా,

విషయంలో నా ప్రవర్తన అన్న మాట ఎందుకు చేర్చానో ఐదవ అంశంలో తమకు తెలుస్తుంది. ముందుగా కేంద్రం పరిస్థితి మనవి చేసుకుంటాను.

1. సదరు కేంద్రంలో గన్నులు, అనగా కారుకు తగిలించి కరెంటు ఎక్కించు పైపులు, రెండు కలవు. రెండవది పోయిన దసరా ముందు నుండి పనిచేయుట లేదు. దానికి వాచ్‌మన్ రాంచందర్ ఎరువుల సంచి తొడిగి సుతిలితో కట్టి ఉంచాడు. మిగిలిన ఒక్క గన్ను మీద మా స్టాండు టాక్సీలు పదకొండు, సొంత కార్లు ఆరు ఆధారపడి ఉన్నవి. ఆదివారం నాడు సాగర్ చూడటానికి పోయేవారి కార్లు అదనం. ఒక్కొక్క కారుకు గంట తక్కువ కాకుండా పడుతుంది. నీడ లేదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. పక్కన కౌసల్య అనే ఆమె టీ కొట్టు ముందు కట్టిన టార్పాలిన్ పట్టా కిందనే అందరమూ నిలబడతాము. మే నెలలో ఆ పట్టా కింద మనుషులు ఎలా మాట్లాడుకుంటారో తమరు ఒక్కసారి వచ్చి వినవలెను.

2. ఈ కేంద్రానికి వచ్చిన మొట్టమొదటి టాక్సీ నాది. 2022 సంవత్సరం డిసెంబరులో కరెంటు కారు తెచ్చినప్పుడు స్టాండులో అందరూ నవ్వారు. "బాలసామీ, నడిమిట్ల ఆగిపోతె నూకెతందుకు నలుగుర్ని ఎంటేసుకపో" అన్నారు. ఎనిమిది నెలలు ఆ కేంద్రంలో నా కారు తప్ప మరొకటి లేదు. అక్కడి దుమ్ము నేనే ఊడ్చేవాడిని. స్క్రీను మీద పిట్టల రెట్ట నేనే తుడిచేవాడిని. గన్ను పెట్టి, టిఫిను డబ్బా తెరిచి, నింపాదిగా తినేవాడిని. వెనుక నిలబడి ఎంతసేపని అడిగేవాడు లేడు.

మా బాపు కూలికి పోయిన ఊళ్ళో, బోరింగు దగ్గర అందరి బిందెలూ నిండిన తర్వాతనే మా బిందె పెట్టనిచ్చేవారు. చిన్నప్పుడు మా అవ్వ వెంట ఆ వరుస చివర నేనూ నిలబడ్డాను. ఈ సంగతి అర్జీకి సంబంధం లేదని మా ఇంటావిడ జానమ్మ అన్నది. ఉన్నదని నేను అనుకుంటున్నాను.

3. రద్దీ మొదలైనది విజేందర్‌తో. ఇతను మా స్టాండులోని డ్రైవరే, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. డీజిలు బండి అమ్మి, నా కారు చూసి, నా కారు లాంటిదే, నా కారు రంగుదే కొన్నాడు. అతనికి గన్ను పట్టుకోవడం నేర్పినది నేను. ఫోనులో ఎక్కడ నొక్కాలో చూపినది నేను. ఎనభై శాతం దాటితే బ్యాటరీ నెమ్మదిగా తీసుకుంటుంది, అందుకని ఎనభైకి తీసి వెనుకవాడికి ఇవ్వడం మర్యాద అని చెప్పినది కూడా నేనే.

ఆరు నెలలు తిరగకుండానే అతను అందరికీ కావలసినవాడైపోయాడు. ఫోనులో గ్రూపు పెట్టాడు. గొడవలు రాకుండా వరుస నంబర్లు వేశాడు. ఆ రోజు నేను మహబూబ్‌నగర్ కిరాయికి పోయి ఉన్నాను, ఫోను చూసుకోలేదు. సాయంత్రం చూసేసరికి విజేందర్‌ది ఒకటో నంబరు, నాది పదకొండు.

"గదేందిరా, ముందుగాల వచ్చినోణ్ణి నేను గద?" అని అడిగాను.

"ఎవలు ముందుగాల పేరు పెడితె వాళ్ళదే రాసిన్నన్నా. నంబరుల ఏమున్నది, రోజుకో తీరు తిరుగుతది" అన్నాడు.

అతని మాటలో తప్పు లేదు. నాకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఫోటో పడింది. దేవరకొండ ప్రాంతపు తొలి విద్యుత్ టాక్సీ డ్రైవరు అని రాసి విజేందర్‌ను నిలబెట్టారు. వెనుక కనబడుతున్న కారు నాది. నిలదీస్తే "నేను చెప్పలేదన్నా, ఆయననే రాసుకున్నడు" అన్నాడు. నమ్మాను. నమ్మినా ఆ కాగితం చింపలేకపోయాను, దాచలేకపోయాను.

ఇంకొకటి. కౌసల్య అతనికి టీ గాజు గ్లాసులో ఇస్తుంది, నాకు కాగితపు కప్పులో. ఇది తమ శాఖ పరిధిలోనిది కాదని తెలుసు.

4. విజేందర్ నా వెనుక వరుసలో ఉన్న రోజు నేను ఎనభైకి గన్ను తీసేవాడిని కాదు. నూరు వచ్చేవరకు కూర్చునేవాడిని. అతను ఒక్కనాడూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

5. ఈ నెల 13వ తేదీ, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. గన్ను నా కారుకు ఉన్నది. స్క్రీను మీద అరవై ఒకటి. నా వెనుక మూడు కార్లు. ఎండకు తట్టుకోలేక నేను అద్దాలు ఎక్కించి, ఏసీ వేసుకుని కూర్చున్నాను.

విజేందర్ కారు వచ్చి వరుస తప్పించి సరాసరి గన్ను పక్కన ఆగింది. దిగి పరుగెత్తుకు వచ్చి నా అద్దం కొట్టాడు.

"అన్నా, జర గన్ను ఇయ్యన్నా. లోపట పేషెంటున్నది. నొప్పులు మొదలైనయి. ఆరు పర్సెంటే ఉన్నది నాకు."

ఆ పేషెంటు పేరు మల్లిక. దేవరకొండ అవతలి తండాల దగ్గరి పల్లె. తొలి కాన్పు. నెలలు నిండటానికి ఇంకా పదిహేను రోజులున్నవని, నల్లగొండ దవాఖానలో చూపించుకుందామని తల్లి ప్రమీలమ్మతో కలిసి కారు మాట్లాడుకున్నది. విజేందర్ పొద్దున ఒక కిరాయికి పోయి వచ్చి, దారిలో చార్జింగు పెట్టుకుందాములే అని బయలుదేరాడు. దారిలోనే ఆమెకు నొప్పులు మొదలైనవి. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. అప్పుడు తెలుసుకోదలచలేదు.

"నంబరు ప్రకారం రా" అన్నాను. "నంబర్లు పెట్టింది నువ్వే గద?"

"అన్నా, పది నిమిషాలు చాలన్నా."

"నీకు పది నిమిషాలే. వెనుక ముగ్గురున్నరు, వాళ్ళనడుగు."

అద్దం ఎక్కించుకున్నాను. వెనుక ఉన్న ముగ్గురూ ఇమ్మనే అన్నారు. రాంచందర్ వచ్చి చెప్పాడు. కౌసల్య నీళ్ళ సీసా పట్టుకుని ఆ కారు దగ్గరికి పోతూ నా వైపు చూసింది. నేను స్క్రీను చూస్తూ కూర్చున్నాను. అరవై నాలుగు. అరవై ఎనిమిది. ఆ పత్రికలోని ఫోటో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. అతని కారు వెనుక సీటు నాకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నది. అటు చూడలేదు. చూస్తే గన్ను తీయవలసి వస్తుందని చూడలేదు.

పదకొండు నిమిషాలు అలా గడిచినవి. నా ఫోనులో లెక్క ఉన్నది, అందుకని ఖాయంగా రాస్తున్నాను.

అప్పుడు మళ్ళీ అద్దం మీద చప్పుడైంది. ఈసారి ప్రమీలమ్మ. కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉన్నది. అద్దం దించాను.

"నీ కారుల కరెంటున్నదా?"

"ఉన్నదమ్మా."

"ఎంతున్నది?"

"డెబ్బై ఆరు."

"నల్లగొండ పోతదా?"

"పోయి రావచ్చు."

"మరి గా పైపు కోసం కొట్లాడుడెందుకయ్యా? తలుపు తియ్యి. నా బిడ్డ ఏ కారైతేంది, ఎక్కుతది."

అయ్యా, అక్కడ నిలబడిన మగవాళ్ళమందరమూ కరెంటు కార్ల గురించి అన్నీ తెలిసినవాళ్ళము. ఆమె అంతకుముందు కరెంటు కారు ఎక్కి ఎరగదు.

గన్ను తీశాను. విజేందర్, కౌసల్య మల్లికను చెరొక పక్క పట్టుకుని నా కారులోకి మార్చారు. ఆమె ముఖం అప్పుడు చూశాను. మా చిన్నమ్మాయి మెర్సీ వయసు ఉంటుంది.

నల్లగొండ యాభై కిలోమీటర్లు. దారిలో ఆమె నా సీటు వెనుక భాగాన్ని పట్టుకుని లాగుతూనే ఉన్నది. "అమ్మా, నాతోని కాదే" అని ఒకటే మాట. "అయితది బిడ్డా, అయితది, ఊపిరి తీసుకో" అని తల్లి. గోతుల దగ్గర నెమ్మదిగా పోతే తొందరపడమన్నది, తొందరపడితే నెమ్మదిగా అన్నది. అప్పటివరకు కట్టుకున్న గోడ ఏదో నాలో పగిలిపోయి, అద్దంలో వెనుక చూడటానికి భయపడుతూ నడిపాను.

6. దవాఖానకు చేరిన ఇరవై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకు చుట్టుకున్నదట. పుట్టగానే ఏడవలేదు. రెండు రోజులు గాజు పెట్టెలో ఉంచారు. "ఇంకో జర ఆలస్యమైతె చెప్పలేకపోదుము" అని నర్సమ్మ ప్రమీలమ్మతో అంటుంటే, నేను పక్కనే గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. ఆ జర ఎంతో నాకు తెలుసు.

విజేందర్ రెండు గంటల తర్వాత వచ్చాడు. అప్పటికి మల్లిక చుట్టాలు చేరి ఉన్నారు. వాళ్ళు కారు మాట్లాడుకున్నది అతనితో కనుక, అందరూ అతని చేతులు పట్టుకున్నారు. "నువ్వు లేకుంటె మా పిల్ల ఏమైపోయేదో" అన్నారు. నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను. నన్ను వాళ్ళు ఎవరో పేషెంటు తాలూకు మనిషి అనుకున్నారు.

అయ్యా, పసిబిడ్డ గాజు పెట్టెలో ఉన్నది. బతుకుతుందో లేదో తెలియదు. అప్పుడు కూడా నాకు విజేందర్ మీద అసూయ కలిగింది. ఆ చేతులు నా చేతులు పట్టుకోవలసినవి కదా అనిపించింది. ఆ క్షణాన నాకు నా మీదనే భయం వేసింది. లేచి బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. స్టార్టు చేయడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికి వచ్చి జానమ్మకు జరిగినదంతా చెప్పాను, పదకొండు నిమిషాలు తప్ప. తిండి తినకపోతే ఆమె అడిగింది, అప్పుడు అది కూడా చెప్పాను. తిట్టలేదు. "గన్ను ఖరాబైందని పెద్దసారుకు అర్జీ రాస్త రాస్త అంటవు గద, రాసుడైతె అంత రాయి. ఖరాబైంది గన్నొక్కటే కాదని గూడ రాయి" అన్నది. అందుకని రాస్తున్నాను.

బిడ్డ ఇప్పుడు క్షేమం. పాలు తాగుతున్నది. ప్రమీలమ్మకు ఫోను చేసి తెలుసుకున్నాను. ఆ పదకొండు నిమిషాల గురించి ఆమెతో కూడా చెప్పి, తప్పైపోయిందమ్మా అన్నాను. ఆమె "నేను అద్దం ముందుగాలనే కొట్టవలసింది" అన్నది. ఆ మాట నన్ను ఇంకా నిద్రపోనివ్వడం లేదు.

7. కావున తమను వేడుకొనునది:

రెండవ గన్నును వెంటనే బాగుచేయించవలెను. సాధ్యమైతే మూడవది పెట్టించవలెను. రేకుల నీడ, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టించవలెను. ఎనభై శాతం కాగానే, వెనుక మరొక కారు ఉంటే, గన్ను దానంతట అదే ఆగిపోవునట్లు ఏర్పాటు చేయించవలెను. ఇది నా వంటి వారి కొరకు.

అన్నిటికంటే ముఖ్యమైనది, రోగులు, గర్భిణీలు ఉన్న కారు వస్తే వరుసతో పనిలేకుండా దానికే ముందు ఇవ్వవలెనని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించవలెను. ఇట్టి సంగతి మనుషులకు చెప్పాలా అని తమకు తోచవచ్చును. మంచివాడు గన్ను పట్టుకున్న రోజున బోర్డు అవసరం లేదు. ప్రతిరోజూ మంచివాడే పట్టుకుంటాడని నమ్మకం లేదు. నేను చెడ్డవాడినని పన్నెండో తేదీ వరకు నాకూ తెలియదు.

పై సంగతులు తమరు చిత్తగించి, నన్ను ఏమనుకున్నా సరే, గన్ను మాత్రం బాగుచేయించగలరని నమ్ముతూ,

తమ విధేయుడు, విజేందర్ మీద అసూయ మాత్రం ఇంకా పూర్తిగా పోనివాడు,
గ్యార బాలస్వామి

మరొక మనవి: అర్జీ మీద డ్రైవర్లందరి సంతకాలు ఉంటే బలంగా ఉంటుందని కౌసల్య చెప్పగా, ఈ పొద్దు కేంద్రానికి పట్టుకుపోయాను. మూడు నుండి ఆరు వరకు అంశాలు మడిచి పట్టుకుని, కేంద్రం సంగతులు, కోరికలు మాత్రం చదివి వినిపించాను. విజేందర్ "మడిచిందేందన్నా?" అని కాగితం తీసుకున్నాడు. నిలబడి మొత్తం చదివాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు.

"పదకొండు నిమిషాలు నీ ఒక్కనియే కావన్నా" అన్నాడు. "నీ కారుల ఎక్కిద్దామని నాకు ముందే మతికొచ్చింది. దూరంకెళ్ళి నీ బండి చూసినప్పుడే వచ్చింది. బాలన్న తీస్కపోయిండు అంటరని గన్నే అడిగిన. ముందుగాల నువ్వొచ్చినవని ఈడ అందరికీ ఎరికే. ఏండ్ల సంది గదొక్కటే నాకు అందుతలేదు."

కౌసల్య ఇద్దరికీ టీ ఇచ్చింది. ఏ గ్లాసులో ఇచ్చిందో చూసుకోలేదు.

తన మాట కూడా అర్జీలో రాయమన్నాడు, రాశాను. తర్వాత కలం తీసుకుని సంతకం పెట్టాడు. నా పేరుకు పైన ఖాళీ ఉన్నదని అక్కడే, పెద్దగా పెట్టాడు. జానమ్మ చూసి మళ్ళీ రాస్తావా అని అడిగింది. ఈ కాగితం మళ్ళీ రాయను. ఇట్లనే పంపిస్తున్నాను.