పాప పేరున్న పువ్వు

ఏమండీ,

కొండ మీద చలి ఇంకా తగ్గలేదు. మీరు పెట్టెలో కుక్కిన ఉన్ని మేజోళ్లు నాకు కాదు, ఏనుగుకు సరిపోతాయి. అయినా రెండు జతలూ ఒకదాని మీద ఒకటి వేసుకునే తిరుగుతున్నాను. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఫోన్లో చెప్పబోయి ప్రతిసారీ వాన గురించి మాట్లాడి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

మన పువ్వు వేరే జాతి కాదండీ.

మన పాప చనిపోయిన ఏడాదే కదా మీరు ఈ పై వాలులో ఈ అడవి లిల్లీని చూసింది. తెల్లటి రేకుల మీద చుక్క అన్నది లేదు. రేకులు వెనక్కి గట్టిగా వంపు తిరిగి, ఆకులు సన్నగా ఉన్నాయి. కింద లోయలో పూసే మామూలు లిల్లీకేమో ఒళ్లంతా చుక్కలు. రెండూ పక్కపక్కన పెడితే ఎవరైనా వేరనే అంటారు. మీరూ అన్నారు, కొత్త జాతిగా ప్రకటించి పాప పేరు పెట్టారు. అచ్చులో ఆ పేరు చూసి, కంచాల ముందు కూర్చుని ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత మళ్లీ కలిసి ఏడవలేదు.

అప్పట్లో నడిమి వాలుకు దారి లేదు. ఇప్పుడు వేశారు. నేనూ నా శిష్యురాలూ లోయ నుంచి పైదాకా పువ్వు పువ్వునూ చూసుకుంటూ ఎక్కాం. పైకి పోయేకొద్దీ చుక్కలు పలచబడుతున్నాయి, రేకుల వంపు పెరుగుతోంది. ఇక్కడిదాకా అది, ఇక్కడినుంచి ఇది అని గీత గీయడానికి ఎక్కడా చోటు లేదు. మన తోటలో నాటిన మొక్కలు కూడా ఈ ఏడే పూశాయి కదా. పై వాలులో కోసిన ఒకే కాయలోని గింజలవి. వాటిలో చుక్కలున్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. అన్నీ ఒక తల్లి పిల్లలే.

శిష్యురాలికి సంగతి తెలియదు. ఆ పేరు ఎవరో పాతకాలపు పండితురాలిది అనుకుంటోంది. నిన్న మట్టి చేతులు దులుపుకుంటూ, "అయితే మేడమ్, ఈ పేరు ఇంక కొట్టేయొచ్చు కదా?" అంది. పాపం, దాని తప్పేముంది? చూద్దాంలే అన్నాను. బూటు తాడు కట్టుకునే మిషతో అక్కడే కూర్చుండిపోయాను.

ఇది వేరే జాతి కాదని నేను రాయకపోతే ఎవరూ రాయకపోవచ్చు. ఈ కొండకు వచ్చేవాళ్లే తక్కువ. ఆ ఆశే నన్ను తినేస్తోంది. ఉన్నది ఉన్నట్టు చూడండర్రా అని పాఠాలు చెప్పేదాన్ని, చూసింది చూడనట్టు ఎలా ఉండను? రాయడానికి కూర్చుంటేనేమో పాపను మళ్లీ సాగనంపుతున్నట్టుంది.

మీరు వద్దంటే మానేస్తాను. నిష్ఠూరానికి అనడం లేదు, నిజంగానే.

మీ
పెంకి ఘటం


పెంకి ఘటానికి,

నీ ఉత్తరం ఎండు మొక్కల నమూనాలు దాచే గదిలో నిలబడే చదివాను. కోపం వచ్చింది. నీ మీద, ఆ దారి వేసినవాళ్ల మీద. రాయొద్దని జవాబు రాసి కవరు అంటించాను కూడా.

ఇంటికొస్తే నా మొహం చూసి అమ్మ ఏమైందని అడిగింది. పాప పేరు పోతోందమ్మా అన్నాను. దానికి అమ్మ అంది:

"పోనీరా. అది పువ్వుకి పెట్టినప్పటినుంచీ పిల్లని తలుచుకోడానికి నాకు పేరే లేకుండా పోయింది. నేను నోరు తెరిస్తే చాలు, మీరిద్దరూ రేకులూ చుక్కలూ అంటారు."

ఇన్నేళ్లూ మనింట్లో ఆ పేరు వినబడుతూనే ఉంది. ఒక్కసారైనా పాప కోసం పలికామా?

అమ్మ తనే మొదలుపెట్టింది. పాప చెప్పులు తారుమారుగా వేసుకునేదట, సరిచేయబోతే ఇల్లు పీకి పందిరేసేదట. వాసన బాగుందని సబ్బు కొరికిందట. నాకివేవీ గుర్తులేవు. నీకు గుర్తున్నాయా?

కవరు చించేశాను. వ్యాసం రాయి, దాని మీద నా పేరు కూడా వెయ్యి. పెట్టినవాణ్ణి నేనే, తీసేవాళ్లలోనూ నేనుండాలి. నువ్వొక్కదానివే మోయొద్దు. జాతుల పట్టికలో మామూలు లిల్లీ కింద, చెల్లని పాత పేరుగా, చిన్న అక్షరాల్లో పాప పేరు మిగులుతుంది. చూసేవాళ్లు దాటిపోతారు, పోనీ.

కొలతలు అయిపోయాయిగా, మిగతాది ఇక్కడ రాసుకోవచ్చు, దిగి రా. అమ్మ రోజూ ఏదో ఒకటి చెబుతోంది. ఒక్కణ్ణే వినలేకపోతున్నాను.

నీ
చాదస్తం మనిషి