పురుగు కింద చీటీ

పాండన్నకు,

ఫోన్ చేస్తే లొల్లి అయితదని జ్యోతి వదిన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్న. కోపం చల్లారలే. చల్లారాలని గూడ లేదు.

మన చేను పక్క నాలా గట్టున నేను పట్టిన పెంకుపురుగు యాదికుందా? బియ్యపు గింజంత లేదు, రెక్కలు పొట్టిగ, పొట్ట సగం బయటికే ఉంటది. "పీహెచ్‌డీ అంటే పురుగులు ఏరుడా?" అని నవ్వినవు. మా గైడు శివరామకృష్ణ సార్ రెండు దినాలు మైక్రోస్కోపుల చూసి, పుస్తకాలతోని పోల్చి, "అమ్మాయ్, ఇది సముద్రపు ఒడ్డు పురుగు. ఉప్పు లేనిదే బతకదు. మీ ఊరు లక్డారంలో దీనికేం పని?" అన్నరు. మీ కంపెనీ నీళ్లకు చేను ఉప్పు పట్టిందని నాయిన నాలుగేండ్ల సంది మొత్తుకునేది అదే గదా! వచ్చిన ప్రతి ఆఫీసరూ నీళ్లు మంచిగనే ఉన్నయని రాసిపోయిండు. పురుగుకు లంచం ఎవరిస్తరు?

పట్టిన ప్రతి పురుగు కింద చిన్న చీటీ గుచ్చుతం అన్నా. ఊరు, తారీఖు, పట్టినోళ్ల పేరు. మా పనిల ఆ చీటీయే సాక్ష్యం. నువ్వేమో "అది మా కంపెనీ ఎనక నుంచి వచ్చే నాలా, ఊరి పేరు రాయకు, నా నౌకరి పోతది" అని కాళ్లు మొక్కినంత పని చేసినవు. డబ్బాలు తారుమారైనయి, ఇది నా దోస్తు రమ్యశ్రీ బాపట్ల నుంచి తెచ్చింది అని సార్‌కు చెప్పిన. చీటీ మీద బాపట్ల సముద్రతీరం, రమ్యశ్రీ అని రాసిన. సముద్రం మొఖం గూడ చూడనిదాన్ని! సార్ నమ్మిండ్రు. తిట్టినా బాగుండు.

నాయిన ఫోన్ చేసినప్పుడల్లా "బిడ్డా, పురుగు సంగతేమాయె?" అని అడుగుతున్నడు. నీ జీతం తిని సదువుకున్న నోరు, ఏం చెప్పాలె? సోమవారం సార్ ఈ సంగతి సైన్సు పత్రికకు పంపుతరు. ఏ ఊరి పేరు పోవాల్నో నువ్వే చెప్పు. నీ నౌకరి సల్లగుండ!

నీ చెల్లె,
వనజ

*

వనజకు,

రాసుడు నాకు రాదు, తప్పులుంటే తిట్టకు.

నౌకరి పోతదన్నది అబద్ధం. నౌకరిల పడ్డ కాడి నుంచి ఆ నాలా వాల్వ్ తిప్పేది నేనే. వాన పడంగనే సూపర్‌వైజర్ "పాండూ, ఖోల్ దే" అంటడు, తిప్పి కంపెనీ ఉప్పునీళ్లు నాలాలకు ఇడుస్త. వాననీళ్లల్ల కలిసిపోతదని చెప్పిండ్రు, నమ్మినట్టే ఉన్న. నీళ్లు ఎటు పోతయో నాకు తెల్వదా? ఆ చేన్లనే పెరిగిన. నాయిన దరఖాస్తు పట్టుకొని ఆఫీసుల సుట్టు తిరిగిన దినం గూడ తిప్పిన. నీ చీటీ సూస్తే ఆ నీళ్లు వదిలినోడెవడని అడుగుతరు. నాయిన మొఖం ఎట్ల సూడాల్నో తెల్వక నీకు అడ్డం పడ్డ.

లక్డారం అని రాయి. నీ పేరు రాయి. సోమవారం సార్ కాడికి నేను గూడ వచ్చి వాల్వ్ సంగతి చెప్త. నాయినకు మాత్రం నువ్వు చెప్పకు. ఇయ్యాల బువ్వ తిన్నంక నేనే చెప్త. ఇంట్ల ఉండమంటే ఉంట.

నీ అన్న,
పాండు