బంపరు కింద రేకు

అయ్యగారికి వందనాలు.

నిన్న గుడిలో మా పెళ్లి ప్రకటన రెండోసారి చదివారు. వచ్చే ఆదివారం మూడోసారి చదివితే ఇక పెళ్లే; ఈలోపు మీకొక మాట చెప్పాలి. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నన్ను చేసుకోబోయే హెబ్రోనుగారు పోయిన నెల మద్రాసులో తన కారు ముందు బంపరు కింద నల్లరేకు బిగించుకున్నారు. అది నేలకు జానెడు ఎత్తులో కూడా లేదు. "రోడ్డుకు తగలదా అండీ?" అన్నాను. "ఇది ఫ్యాషన్. నీ పుస్తకాల్లో ఉండదులే" అని నవ్వారు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం బోగోలు దగ్గర సముద్రం ఒడ్డునున్న పల్లెకారుల పాలెంలో పిల్లలకు బైబిలు చెబుతానని, పాకగుడి దాకా కారులోనే వెళ్తానని ఆయన అంటారు. "ఇంత భక్తిగల బిడ్డ యాడ దొరుకుతాడు!" అని అమ్మ మురిసిపోతోంది. క్రిస్మస్‌కు మేం ఆ దారిలో ఎడ్లబండి మీద వెళ్లాం. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. నిన్న సాయంత్రం ఆయన అక్కడినుంచే వచ్చానన్నప్పుడు, కారు ముందు రుమాలు జారవిడిచి వంగి చూశాను. రేకు మీద ఒక్క గీత లేదు.

శనివారం మిమ్మల్ని కారులో ఆ పాలేనికి తీసుకువెళ్లమని ఆయనను అడగండి. పిల్లలు గుర్తుపట్టి పరుగెత్తుకొస్తే ఆదివారం మూడో ప్రకటన చదవండి. "ఎవురీయన?" అని వాళ్లు మిమ్మల్ని అడిగితే మాత్రం, దయచేసి మా అమ్మకు మీరే చెప్పండి.

మీ సంఘపు బిడ్డ