నీళ్లు ముట్టని బిడ్డ

సత్తెమ్మా,

ఇయ్యాల పెత్రమాస. నీ పేర బియ్యం ఇయ్యలేకపోయిన, ఏమనుకోకు. పొద్దుగాల చలిజ్వరంతో వణుకుతున్న మన స్వప్నను లాలాగూడ నుంచి ఆటోల దవఖానకు తెచ్చిన.

నువ్వు పొయినంక నీ బిడ్డ రైలింజన్ నడిపే నౌకరి కొట్టింది. కని ఆ ఇంజన్ల బాత్రూం లేదు. మొగోళ్లు ఎక్కడన్న నిలవడ్తరు, ఇది ఏడికి పోతది? అందుకే డ్యూటీ ఉన్నదంటే నీళ్లే ముట్టదంట. కిడ్నీల రాయి పెరిగి మూత్రానికి అడ్డం పడ్డది, లోపల చీము పట్టింది. వీపుల నుంచి పైపు ఏసిన్రు. జ్వరం దిగకపోతే కిడ్నీ దక్కదంటున్నరు.

"మంట అని, రక్తం పడుతుందని ఇంట్ల చెప్పలేదా?" అని డాక్టరమ్మ నా మీద గరమైంది. నడుం నొస్తుందని ఒక్కటే నాకు చెప్పింది. తక్కింది తల్లికి చెప్పుకునే మాటాయె. నీళ్లు మంచిగ తాగాలె, వస్తే ఆపుకోవద్దు, తల్లి చెప్పేది గింతే. గా మాట దానికి చెప్పనీకె నువ్వు లేకపోతివి.

ఇందాక సిగ్గిడిసి నేనే అడిగిన. "బిడ్డా, ఒంటికి పోతే రక్తం ఎప్పటి సంది పడుతుంది?"

అది మొకం గోడ దిక్కు తిప్పుకున్నది. "నువ్వు బయటికి పో నాయినా."

"పోను. నేను గాకపోతే ఎవరున్నరే నీకు?"

గోడ దిక్కు చూసుకుంటనే చెప్పింది. "బోనాలప్పటి సంది."

బోనాలనాడు నాకెదురుంగ కూసొనే అన్నం తిన్నది సత్తెమ్మా. నీళ్ల చెంబు జరిపితే దూప లేదన్నది. నేను మళ్ల అడగలే.

జ్వరం ఇంక దిగలే. నేను నీళ్లు తాపితే గుటక మింగుతలేదు. ఒక్కపారి దాని కలలకన్న వచ్చి, తిట్టి తాపు.