తాత కట్టే మల్లెపూలు

వాసుకి కన్నూ,

తాత ఇక కొత్తగా ఏదీ నేర్చుకోలేడు, నన్ను గుర్తుపట్టడు, సెలవులకు వచ్చి ఏం చేయను అని రాసినావు. మొదటి మాట తప్పు. కొత్త జ్ఞాపకం నిలవాలంటే మెదడు కణాల మధ్య అతుకులు గట్టిపడాలనీ, మెదడు జ్వరం తాతకు ఆ చోటునే పాడుచేసిందనీ నువ్వన్నది సరే. డాక్టరు చదువు చదివేదానివి, నీకు తెలియకపోతుందా. కానీ చేతులు నేర్చుకునేదానికి వేరే దారి ఉన్నట్టుంది.

కోయంబత్తూరు మిల్లులో తెగిన నూలు అతికిన ఆయన వేళ్లు ఊరికే ఉండలేక దుప్పటి పోగులు పీకుతుంటే, ఎండలు ముదిరే చిత్తిరై నెలలో మల్లెమొగ్గలూ అరటినారా ఇచ్చి పూలు కట్టడం నేర్పినాను. ఇప్పుడు నాకంటే బాగా కడతాడు. అయినా రోజూ, "నేను మిల్లువాణ్ణి, పూలు కట్టేది నాకేం తెలుసు తాయీ?" అంటాడు. నన్ను పక్కింటామె అనుకుంటాడు. నేనూ కాదనను, పెళ్లాన్నని తెలిస్తే నువ్వే కట్టుకో అని పని మానేస్తాడేమో. కాసేపటికి చూపు ఎటో తేలిపోతుంది. వేళ్లు మాత్రం తమ కలలో తాము నడుస్తూ ఉంటాయి.

నువ్వు వచ్చి ఆయన పక్కన కూర్చుని మొగ్గలు అందించు. పేరు అడగడు, చెయ్యి చాపుతాడు.

శనివారం బయలుదేరేటప్పుడు మదురై పూల అంగడిలో విచ్చని మొగ్గలే చూసి తీసుకో. తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఎండ తగలకుండా ఒళ్లో పెట్టుకుని రా.

అవ్వ