చేతికి అంటించిన బిళ్ళ

జోంబా,
మంగళవారం.

తమందాని తల్లి ఎస్తేరుకు,

ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. అందరం ఎక్కడున్నాం? నేనొక్కడినే. ముజుజులో నువ్వూ, అమ్మాయీ, మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. మేక ఈనింది, రెండు పిల్లలు. వంటింటి కప్పు కారడం మానింది. సీమ ముద్ద నేనే వండుకుంటున్నాను. మొక్కజొన్న పిండి ఒక్క మనిషికి ఎంత పోయాలో ఇప్పటికీ చేతికి రావడం లేదు, రోజూ మిగిలిపోతోంది. “ఇంకా తాగుతున్నావా” అని అడిగావు. దానికి చివర రాస్తాను.

పోయిన నెల తలుపుకు చిత్రిక పడుతూ పడుతూ కూలబడ్డాను. ఒళ్ళంతా చెమట, మాట తిరగలేదు. పక్కింటి నాచిసాలె ముసలమ్మ పరిగెత్తుకొచ్చింది.

“పట్టపగలే మొదలెట్టావా? పెళ్ళాం వదిలి వెళ్ళిపోయాక పగ్గాల్లేకుండా పోయాయి నీకు!” అంటూనే వంగి నా నోరు వాసన చూసింది. “ఇదేంటి, వాసనే లేదు!”

ఆ తిట్లతోనే నాకు తీపి టీ తాగించి, పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరు చిన్నపిల్ల, మన అమ్మాయి తమందాని ఈడుది. రక్తం చూసి, “ఇప్పుడు బాగానే ఉంది. దొంగ ఎప్పుడొస్తాడో తెలియనప్పుడు కాపలా పెట్టాలి పెద్దాయనా” అని నా జబ్బకు నాణెమంత బిళ్ళ అంటించింది. లోపలి చక్కెర ఎంతుందో అది రాత్రింబగళ్ళు ఫోనుకు చెబుతూ ఉంటుంది. పది రోజులు ఏం తిన్నానో, ఎప్పుడు తిన్నానో కాగితం మీద రాసుకోమంది. రాస్తే ఎస్తేరూ, పది రోజుల్లో ఒక్కసారి కూడా పక్కన ఎవరితోనూ తినలేదని తెలిసింది.

కడుపునిండా సీమ తిన్న గంటన్నరకల్లా ఫోను కూసేది. ఆసుపత్రి వాళ్ళ లెక్కలో నాలుగుకు పైనే ఉండాల్సిన చక్కెర రెండున్నరకు పడిపోయేది. చివరికి ఆసుపత్రిలోనే నాచేత తినిపించి, అది కూయగానే రక్తం తీసి చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి.

“మీకు చక్కెర జబ్బు లేదు. చక్కెర పడిపోవడమే మీ జబ్బు” అంది ఆ పిల్ల. “నాలుగేళ్ళ కిందట పుండని సగం కడుపు తీసేశారు కదా, తిండి ఆగకుండా జారిపోతోంది. దాంతో చక్కెర గబుక్కున ఎగిసి, అంతకంటే వేగంగా పడిపోతోంది. చూసేవాళ్ళకు తాగినట్టే ఉంటుంది.”

నేను ఏడ్చాను. జబ్బుకు భయపడ్డాననుకుని, కొంచెం కొంచెం ఆరుసార్లు తినమనీ, సీమ తగ్గించి చిక్కుళ్ళూ చేపా ఎక్కువ తినమనీ ధైర్యం చెప్పింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. మీ అన్నయ్య చావు భోజనం అయ్యాక, ప్రార్థన చెయ్యమంటే పెళ్ళిపాట ఎత్తుకుని ఆయన్ని పాతిన చోటే పడ్డాను. ఇంటికొచ్చాక “నిజం చెప్పు, తాగావా?” అన్నావు. తాగానన్నాను. అది అబద్ధం. ఆరోజే కాదు, ఏనాడూ చుక్క ముట్టలేదు.

మా నాన్నకు పిచ్చెక్కితే ఏడాదిపాటు గుంజకు కట్టేశారు. చిన్నప్పుడు నేనే అన్నం పట్టుకెళ్ళేవాణ్ణి. నీకెప్పుడూ చెప్పలేదు. నాకూ అదే వచ్చిందనుకున్నాను. తాగుబోతు మొగుణ్ణి పెళ్ళాం తిట్టి ఊరుకుంటుంది, పిచ్చివాడికి భయపడుతుంది. నువ్వు నాకు భయపడడం చూడలేక ఆ మాట అన్నాను. ఆ మాటకే వెళ్ళిపోయావు. తప్పు నీది కాదు.

నన్ను తాగుబోతనుకుంటున్న చర్చి పెద్దలకు ఇంకా చెప్పలేదు. ముందు నీకు తెలియాలి.

వచ్చే శుక్రవారం బస్సులో ముజుజు వస్తున్నాను. ఇంటికి రాను. శనివారం మధ్యాహ్నం దాకా బస్టాండు దగ్గర చేపలమ్మే వరుసలో కూర్చుంటాను. నువ్వొస్తే ఇద్దరం తిందాం. రాకపోతే మూడు గంటల బస్సుకు తిరిగి వెళ్ళిపోతాను, ఈ ఉత్తరం సంగతి అమ్మాయికి చెప్పను.

ఇట్లు,
నీతో అబద్ధమాడిన
తమందాని తండ్రి,
వైసన్